లోపలి చేతులు

ఆ అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవని వీధిలో అందరూ అంటారు. మాటలే లేకపోతే రెండు పూటలా అంతంత పోట్లాటలు ఎలా జరుగుతున్నాయని మాత్రం ఎవరూ ఆలోచించరు. ఇద్దరూ పుట్టుకతోనే చెవిటివాళ్ళు. వంటింటి కిటికీ ముందు నుంచి పోయేవాళ్ళకి కనిపించేది నాలుగు చేతులు గాలిని కోసి, తరిగి, ముద్ద చేసి అవతలివాళ్ళ మొహాన కొట్టడం. ఆ నాలుగింట్లో ఒక చేతికి చిటికెన వేలి చివరి కణుపు లేదు. అది అత్త కుడిచెయ్యి. ముప్పై ఏళ్ళు బైండింగ్ షాపులో పనిచేసిన మనిషి. కాగితాలు కోసే మిషను ఒకరోజు కాగితంతో పాటు దాన్నీ కోసేసింది. "నేను పెద్దగా చదువుకోలేదు గానీ, చదువుకి వేలిచ్చినదాన్ని" అని ఆవిడ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

ఇప్పుడు ఆ షాపులో, అదే బల్ల దగ్గర, కోడలు పనిచేస్తోంది. అత్త రిటైరై ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉంటుందన్నమాటే గానీ, రోజూ మధ్యాహ్నం కోడలికి క్యారేజీ పట్టుకుని షాపుకి పోతుంది. అన్నం ఒక వంక. అసలు పని తనిఖీ.

ఇక ఆ ఇంట్లో చెవులున్నది ఒక్కడికే. అత్తకి కొడుకు, కోడలికి మొగుడు, బయట లిఫ్టు మెకానిక్. పోట్లాట మొదలవగానే అతను కళ్ళు మూసుకుంటాడు. ఆ ఇంట్లో చెవులు మూసుకోవడమంటే అదే.

కోడలు పంతొమ్మిదో ఏట ఆ ఇంట్లో అడుగు పెట్టింది. అప్పటికి ఆమెకి భాషంటూ లేదు. పుట్టింట్లో అందరికీ చెవులున్నాయి, కాబట్టి వాళ్ళకి చేతులతో వేరే పనులున్నాయి. ఆకలికో సైగ, నిద్రకో సైగ, నాన్న వస్తున్నాడనడానికి మీసం మెలేయడం, అలాంటివి పదో పదిహేనో. అత్త ఆ పిల్లని వారం రోజులు ఎగాదిగా చూసి, ఇది ఖాళీ గిన్నె కాదు, మూత తియ్యని గిన్నె అని తేల్చింది. తేల్చిన రోజు నుంచే మూత తియ్యడం మొదలుపెట్టింది. గరిటెతో కొట్టి తీసిందని కోడలి ఫిర్యాదు.

అప్పట్లో కోడలు నేర్చుకున్న ప్రతి మాటా చిటికెన వేలు మడిచే చెప్పేది. మాట అంటే అలాగే ఉంటుందనుకుంది పాపం. రెండేళ్ళ తర్వాత చెవిటివాళ్ళ సంఘం మీటింగుకి వెళితే అక్కడివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "వేలు చాపమ్మా! నీకుందిగా!" అన్నారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయి, నెల రోజులు అద్దం ముందు నిలబడి వేలు చాపడం అలవాటు చేసుకుంది. అప్పటి నుంచి ఆమె మాటలకి అయిదు వేళ్ళూ ఉన్నాయి. పైకి.

ఒక శుక్రవారం షాపులో లావుపాటి పుస్తకమొకటి పనికి వచ్చింది. పదహారేసి పేజీల ఫారాలు మడిచి, వరసగా పేర్చాలి. ఒక్కో ఫారం వెన్ను మీద ఒక నల్ల గుర్తు ఉంటుంది. వరస సరిగ్గా ఉంటే ఆ గుర్తులు మెట్లలా కిందికి దిగుతాయి. ఒక మెట్టు ఎగిరిపోయిందంటే ఒక ఫారం పడలేదని అర్థం. కోడలు అరవై పుస్తకాలు పేర్చాక చూసుకుంది. నలభయ్యో పుస్తకం నుంచి చివరిదాకా అన్నిట్లోనూ ఏడో మెట్టు లేదు. మళ్ళీ అన్నీ విప్పాలి. మిగతావాళ్ళు అప్పటికే భోజనాలకి వెళ్ళిపోయారు. ఆమె కిటికీ వైపు తిరిగి, ఎడమ చేత్తో కట్ట పట్టుకుని నిలబడింది. కుడిచెయ్యి నడుం దగ్గర గొణుక్కుంటోంది.

చెవులున్నవాళ్ళు పెదవులు కదిపి గొణుక్కుంటారట. ఆమెకి చెయ్యి గొణుక్కుంటుంది. సగం సగం మాటలు, వేళ్ళు పూర్తిగా తెరుచుకోకుండా, మణికట్టు దాటకుండా. తను గొణుక్కుంటున్న సంగతి ఆమెకే తెలియదు.

క్యారేజీతో వచ్చిన అత్తకి మాత్రం గుమ్మంలోంచి చక్కగా కనిపించింది. "కళ్ళు నెత్తికెక్కాయా? మొద్దు మొహమా! ఇన్నాళ్ళూ గాడిదలు కాశావా?" అంటోంది ఆ చెయ్యి. అవి అచ్చంగా తన తిట్లు. తన వరసలోనే, తన విసురుతోనే. కిటికీ అద్దంలో చూస్తే కోడలి ఎడమ కనుబొమ కూడా తనలాగే పైకి లేచి ఉంది. అంతకంటే ఘోరం, చిటికెన వేలు మడిచి ఉంది.

కోడలు ఇటు తిరిగేసరికి బల్ల మీద క్యారేజీ ఉంది, అత్త లేదు. తనిఖీ లేకుండా అన్నం వచ్చినప్పుడే ఆమె అనుమానించాల్సింది. సంతోషంగా తినేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నట్టింట్లో ట్రంకుపెట్టె తెరిచి ఉంది. అత్త చీరలు మడిచి పెడుతోంది, ఒక్కో చీరనీ ఫారం మడిచినట్టు అంచుకి అంచు ఆనించి.

"ఎక్కడికి అత్తయ్యా?"

"మనుషులున్న చోటికి."

"మరి మేమెవరం?"

"కోతులు. వెక్కిరించే కోతులు." అత్త చీర అవతల పడేసి తన చిటికెన వేలు కోడలి ముక్కు దగ్గరికి తెచ్చింది. "ఇది నేను సరదాకి కోసుకున్నానటే?"

"నేనెప్పుడు వెక్కిరించాను?"

"ఇవాళే. కిటికీ ముందు నిలబడి. నన్ను అచ్చు దింపేశావు, కనుబొమతో సహా."

"అబద్ధం! నేనలా చెయ్యలేదు."

"చెడినవి నా చెవులు. కళ్ళు కాదు."

"పోనీ వేలు మడిచాననుకోండి. మొదట్లో నాకదే అలవాటుగా..."

"మొదట్లో! పదేళ్ళయింది. అద్దం ముందు నిలబడి మరీ మానుకున్నావు. మానుకున్నది ఇప్పుడెందుకొస్తుంది, వేళాకోళానికి కాకపోతే?"

చేతుల భాషలో 'నువ్వు'కీ 'మీరు'కీ తేడా లేదు. ఎదుటి మనిషి వైపు వేలు చూపించడమే. మర్యాద ఎంతుందో భుజాలు చెబుతాయి. కోడలి భుజాలు పదేళ్ళుగా 'మీరు' అనే అంటున్నాయి. ఆ సాయంత్రం మాత్రం అవి ఎటూ తేల్చుకోలేక ఊరుకున్నాయి. తను చెయ్యలేదని ఆమెకి తెలుసు. అత్త కళ్ళు అబద్ధం చెప్పవనీ తెలుసు.

అప్పుడే ఇంట్లోకి వచ్చిన కొడుకు రంగం చూసి గుమ్మంలోనే కళ్ళు మూసుకున్నాడు. తల్లి వెళ్ళి జబ్బ మీద గట్టిగా గిల్లింది. ఆ ఇంట్లో గట్టిగా పిలవడమంటే అది.

"ఆదివారం పదింటికి బండి చెప్పు. మీ అక్క దగ్గరికి పోతున్నాను."

"ఎన్ని రోజులకి?"

"తిరిగొచ్చేదాన్నైతే చలికాలం దుప్పటి ఎందుకు పెట్టుకుంటాను?"

నిజం చెప్పాలంటే కోడలికి మొదట కలిగింది సంతోషమే. తనిఖీ ఉండదు. కూరలో ఉప్పుకి, మంచం మీద దుప్పటికి, తల దువ్వుకోవడానికి వంకలు పెట్టేవాళ్ళుండరు. వంటింట్లో నిలబడి ఆ సుఖాన్ని కాసేపు ఊహించుకుంది. ఊహలో ఆమె కూర కలిపింది. బాగా కుదిరింది. చెబుదామని ఇటు తిరిగింది. అక్కడ గోడ ఉంది.

మొగుడికి చేతుల భాష వచ్చు, వచ్చని చెప్పాలి. కానీ పొద్దున పోతే సాయంత్రం వస్తాడు, వచ్చాక టెలిగ్రాములా మాట్లాడతాడు. అన్నం. అలసట. పడుకో. షాపులో అందరివీ పెదవులు. పూర్తి వాక్యాలతో, ఉపమానాలతో, పాత లెక్కలన్నీ తవ్వి తీసి తిట్టే మనిషి ఈ భూమ్మీద ఆమెకి ఒక్కతే ఉంది. ఆవిడ దుప్పటి పెట్టెలో పెట్టుకుంది.

శనివారం షాపులో కోడలు తన ఆలోచనకి కాపలా కాసింది. ఇది చెప్పినంత సులువు కాదు. ఆలోచన పిల్లిలాంటిది. చూస్తున్నామని తెలిస్తే ఆ దరిదాపులకి రాదు. అందుకని ఆమె మామూలుగా పని చేస్తున్నట్టు నటిస్తూ, ఓరకంట లోపలికి చూసుకుంది. కొన్ని ఆలోచనలు తన భుజాల్లోనే కదులుతున్నాయి. చేతులు కదలకపోయినా కదిలినట్టే తెలుస్తోంది. ఏం వండాలి, ఎన్ని ఫారాలు మిగిలాయి, అలాంటివి. ఇంకొన్నిటికి చేతులతో పనే లేదు. జిగురు ఆరిందా లేదా అన్నది వేలి కొసకి ముందే తెలిసిపోతుంది, మాటకోసం ఆగదు. మరి తిట్లో? తిట్లు రాలేదు. మంచిదాన్నైపోయానేమో అనుకుంది.

అంతలో చెక్క బద్దతో మడత రుద్దుతుంటే కాగితం పర్రున చిరిగింది. వచ్చింది. తన భుజాల్లో కాదు. ఎదురుగా, బల్లకి అవతల, ఎవరో నిలబడి చెబుతున్నట్టు. "మొద్దు మొహమా!" మొహం కనిపించలేదు. రెండు చేతులు. కుడిచేతికి చిటికెన వేలు పొట్టిగా ఉంది.

కోడలు చటుక్కున తన చేతి వంక చూసుకుంది. అది నడుం దగ్గర, బుద్ధిగా, వేలు మడుచుకుని ఉంది.

ఆమెకి నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఇల్లు చాలక ఇక్కడ కూడా కాపురం పెట్టిందన్నమాట ఈవిడ! అద్దం ముందు నెల రోజులు నిలబడి చేతిని దిద్దుకుంది గానీ, లోపలున్న చేతికి అద్దం ఎవరు చూపిస్తారు?

ఇంటికి రాగానే మొగుణ్ణి మేడ మెట్ల మీదికి లాక్కుపోయింది.

"నీ తలలో ఎవరు మాట్లాడతారు?"

"నేనే. ఇంకెవరు?"

"ఎవరి గొంతుతో?"

"నా గొంతుతోనే." అంతలో అతని చేతులు ఆగాయి. "ఉండు. ఎక్కాలు చెప్పుకునేటప్పుడు మా లెక్కల మాస్టారిది. ముక్కుతో మాట్లాడేవాడు. ఇప్పటికీ ఏడెనిమిదులు ముక్కుతోనే వస్తుంది."

"మరి నిన్ను నువ్వు తిట్టుకునేటప్పుడు?"

అతను ఆలోచించాడు. మొన్ననే స్క్రూడ్రైవరు తొమ్మిదో అంతస్తులో మరిచిపోయి కిందికి దిగాడు. అప్పుడు లోపల ఏమైందో చూపించబోయాడు. కుడిచెయ్యి లేచింది. చిటికెన వేలు మడుచుకుంది. ఇద్దరూ ఆ వేలి వంక చూశారు.

"ఛీ" అన్నాడు అతను.

"చెవులుండి కూడానా!" కోడలు మెట్టు మీద కూలబడి నవ్వింది. "వెళ్ళి అమ్మకి చూపించు. నమ్ముతుంది."

"నన్ను లాగకు. మీ ఇద్దరి మధ్యా నేను రెండు అంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టుని. ఎటు తలుపు తీసినా గోడే. నువ్వే చెప్పు."

చెప్పడం అంటే మాటలా? పదేళ్ళ యుద్ధంలో ఆమె ఒక్క కూర విషయంలో కూడా తప్పు ఒప్పుకోలేదు. ఇప్పుడు పోయి, అత్తయ్యా, నా తలలో ఉన్నది మీరేనండీ అని చెబితే, కోటగుమ్మం తీసి తాళాలు చేతికిచ్చినట్టే. ఈ సంగతి తెలిస్తే ఆవిడ ఊరుకుంటుందా? చచ్చేదాకా ఎత్తిపొడుస్తుంది. ఇలా అనుకుంటూనే ఆమెకి ఇంకొకటి తట్టింది. ఎత్తిపొడవాలన్నా మనిషి ఇక్కడే ఉండాలిగా.

ఆదివారం తొమ్మిదింటికల్లా అత్త తయారై పెట్టె మీద కూర్చుంది. కోడలు ఎదురుగా వచ్చి నిలబడింది. అత్త ఎడమ గోడ వైపు తిరిగింది. కోడలు ఎడమ గోడ దగ్గరికి వెళ్ళింది. అత్త కుడి గోడ వైపు తిరిగింది. నాలుగు గోడలూ అయ్యాక, ఇక తిరగడానికి గోడ లేక అత్త కళ్ళు మూసుకుంది.

చెవులున్నవాళ్ళైతే తలుపు అవతల నుంచైనా అరవగలరు. కళ్ళు మూసుకున్న చెవిటిమనిషికి ఏం చెప్పగలరు ఎవరైనా? కోడలు కింద కూర్చుని, అత్త కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అత్త లాక్కోబోయింది. కోడలు వదల్లేదు. అత్త వేళ్ళని ఒక్కొక్కటిగా సర్ది, ఆ చేతితోనే చెప్పించింది. మొద్దు. మొహం. గాడిదలు కాశావా. ఆ తర్వాత ఆ చేతిని పైకెత్తి, తన నుదుటికి ఆనించుకుంది. ఇక్కడ, ఇక్కడ, అన్నట్టు రెండుసార్లు నొక్కింది.

అత్త కళ్ళు తెరిచింది.

"ఏమిటే ఈ వేషాలు?"

"లోపల తిట్టేది నేను కాదు. మీరు. చేతులు మీవి. వేలు కూడా మీదే. నిన్ననే చూసుకున్నాను. అంతకుముందు నాకూ తెలీదు."

అత్త చాలాసేపు ఆమె మొహంలో వెతికింది, ఎక్కడన్నా వేళాకోళం దాగుందేమోనని.

"నేను రాకముందు ఎవరుండేవాళ్ళు అక్కడ?"

"ఎవరూ లేరు."

"అంటే? ఆలోచనే లేదా?"

"ఉండేది. రంగులు, వాసనలు, భయం, అన్నీ ఉండేవి. మా అమ్మ బయటికి వెళితే లోపల మూసిన తలుపు కనిపించేది. అది మూసే ఉండేది. తిరిగొస్తుందని అనుకోవాలంటే దేనితో అనుకోవాలి? ఏడ్చేదాన్ని. ప్రతిసారీ. మీ ఇంటికొచ్చాక మీరు ఫారం మడవడం చూపించారు. తప్పు మడిస్తే విప్పేసి 'మళ్ళీ' అన్నారు. యాభైసార్లు అన్నారు. యాభయ్యోసారికి అర్థమైంది, పోయింది మళ్ళీ వస్తుందనడానికి ఒక మాటుందని. ఆ వారం మీరు కూరగాయలకి వెళితే నేను గుమ్మంలో ఏడవకుండా కూర్చున్నాను. మీరు చూడలేదు."

"ఎందుకు చూడలేదు? మొద్దులా కూర్చుందేమిటీ పిల్ల, సంచీ అందుకోకుండా అనుకున్నాను." అత్త చేతులు ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ లేచాయి, ఈసారి నెమ్మదిగా. "అయితే అక్కడ కూర్చుని నేను ఏం చేస్తుంటాను?"

"తిడుతుంటారు."

"రోజంతానా?"

"మీకు భోజన విరామం కూడా లేదు."

"ఎప్పుడూ మెచ్చుకోనా?"

కోడలు నిజంగానే వెతికి చూసుకుంది. "ఒక్కసారి కూడా లేదత్తయ్యా."

అత్త మొహం అదోలా అయింది. తప్పు ఫారం తను వేసినట్టు, అది పదేళ్ళ కిందటే కుట్టేసినట్టు. "నీకా మాట నేర్పనే లేదా నేను?"

"మీ తలలో ఎవరివి చేతులు?" అని అడిగింది కోడలు జవాబు చెప్పకుండా.

"మా బడి హాస్టలు వార్డెనువి. ఒక చేతిలో బెత్తం ఉండేది. ఇక మిగిలింది ఒక చెయ్యి, దాంతో ఆవిడ మాత్రం ఎంతని చెబుతుంది?" అత్త నిట్టూర్చి, పెట్టె మీదే సర్దుకుని కూర్చుని, కోడలి వంక చూసి గంభీరంగా చెయ్యెత్తింది. "నీ మడత బాగుంటుంది. నాకంటే."

కోడలు చూసింది. చూసి తల అడ్డంగా ఊపింది. "కనుబొమ దించండి. ఇలాగైతే 'బాగుందా నీ మడత?' అన్నట్టుంది."

"ఇంతకంటే దిగదు."

"దించితే దిగుతుంది."

అత్త ఎడమ చేత్తో తన కనుబొమని కిందికి నొక్కిపట్టి, కుడిచేత్తో మళ్ళీ చెప్పింది. ఇప్పుడు పంటినొప్పితో బాధపడుతున్నట్టుంది. ఈ విన్యాసం అయిదోసారి జరుగుతుండగా కొడుకు లోపలికొచ్చి లైటు రెండుసార్లు వేసి ఆర్పాడు.

"బండి వచ్చింది."

"పొమ్మను" అంది తల్లి, కనుబొమ వదలకుండా.

"అక్కకి ఏం చెప్పను?"

"ఇక్కడ పని మిగిలిపోయిందని చెప్పు. ఈ పిల్లకి ఇంకో మాట నేర్పాలి."

"ఒక్క మాటకి ఎన్నాళ్ళు పడుతుంది?"

తల్లి విసుగ్గా రెండు చేతులూ వాడుకలోకి తెచ్చుకుంది. "నేర్చుకునేది మొద్దు. నేర్పేదానికి రాదు. నువ్వే లెక్కేసుకో."